దుబాయ్‌కి అపోస్టిల్ చెల్లదమ్మా

ప్రశ్న: అక్కా, మాది కదిరి. 2016లో మా పెళ్ళి అక్కడే నరసింహస్వామి గుళ్ళో అయింది. ఆ నెలలోనే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాం. అప్పటినుంచీ బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర ఉంటున్నాం. పాప ఇక్కడే పుట్టింది, ఇప్పుడు దానికి ఐదేళ్ళు. మా ఆయన దుబాయ్‌లో ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. మమ్మల్నిద్దర్నీ పిలిపించుకోవాలంటే మ్యారేజ్ సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్ అటెస్టేషన్ చేయించి పంపమన్నారట. నేను జేఎన్టీయూ అనంతపురంలో బీటెక్ చేశాను. నా డిగ్రీకి కూడా చేయించుకుంటే అక్కడ ఉద్యోగం వెతుక్కోవచ్చని ఆశ. ముగ్గురు ఏజెంట్లను అడిగితే మూడు రకాలుగా చెప్పారు. ఒకాయన అపోస్టిల్ వేయిస్తే ప్రపంచంలో ఎక్కడైనా చెల్లుతుందన్నాడు. ఇంకొకాయన ఒరిజినల్స్ అన్నీ ఇచ్చి, డబ్బు మొత్తం కట్టి, నెల రోజులు ఆగమన్నాడు. మూడో ఆయన అంతా బెంగళూరులోనే అయిపోతుంది, ఆంధ్రాతో పనే లేదన్నాడు. దీనికి తోడు నా పేరు మ్యారేజ్ సర్టిఫికెట్‌లో ఒకరకంగా, పాస్‌పోర్టులో ఒకరకంగా, పాప సర్టిఫికెట్‌లో ఇంకో రకంగా ఉంది. మ్యారేజ్ సర్టిఫికెట్ పాడవకూడదని లామినేషన్ కూడా చేయించాం. ఎవరి మాట వినాలి? మా తమ్ముడు వచ్చే ఏడు కెనడా పోతున్నాడు, వాడికీ ఇవన్నీ ఉంటాయా?
– ఒక సోదరి, బెంగళూరు

సమాధానం: అమ్మా, ముగ్గురిలో ఎవరికీ ఇంకా డబ్బు కట్టలేదనే అనుకుంటున్నాను. కట్టకండి. మొదటాయన చెప్పింది దుబాయ్ విషయంలో తప్పు. మూడో ఆయన మాట మీ మూడు కాగితాల్లో రెండింటికి తప్పు. రెండో ఆయన అబద్ధమేమీ చెప్పి ఉండకపోవచ్చు. కానీ ఏ కాగితం ఏ దారిన పోతుందో చెప్పనివాళ్ళ చేతిలో ఒరిజినల్స్ పెట్టకూడదు. ఇరవై ఏళ్ళుగా జయనగర్‌లో ఒక కంపెనీలో విదేశాలకు వెళ్ళే ఉద్యోగుల కాగితాలు చూసే పనిలో ఉన్నాను. భర్త అక్కడ, పిల్లలతో భార్య ఇక్కడ, మధ్యలో ఒక్క స్టాంపు కోసం నెలల తరబడి ఎదురుచూపులు. అలాంటివాళ్ళను ఎంతమందిని చూశానో లెక్కలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోస్టిల్ అంటే ఏమిటో ముందు చెప్తాను. ఒక దేశంలో పుట్టిన సర్కారు కాగితాన్ని ఇంకో దేశం నమ్మాలంటే, పూర్వం ఆ దేశపు రాయబార కార్యాలయం దాకా పోయి ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది. ఆ తిప్పలు తగ్గించడానికి 1961 అక్టోబరు 5న హేగ్‌లో కొన్ని దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. అందులో ఉన్న దేశాలు ఒకరి ముద్రను ఒకరు నమ్ముతాయి, ఎంబసీకి పోనక్కర్లేదు. ఆ ముద్ర పేరే అపోస్టిల్. మన దేశంలో అది 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది. ఆ ముద్ర చదరంగా ఉంటుంది. ఒక్కో పక్క కనీసం 9 సెంటీమీటర్లుండాలి, లోపల ఒకటి నుంచి పది దాకా వరుసగా అంకెలు వేసి వివరాలు రాయాలని ఒప్పందంలోనే ఉంది. ఏ దేశం, ఎవరు సంతకం చేశారు, ఏ హోదాలో చేశారు, ఎవరి సీలు ఉంది, ఎక్కడ, ఏ రోజు, ఇలా. మన దగ్గర విదేశాంగ శాఖ దాన్ని స్టిక్కరుగా కాగితం వెనక అంటిస్తుంది. దానిమీదున్న నంబరుతో అది నిజమైనదో కాదో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ (యూఏఈ) దేశం ఆ ఒప్పందంలో లేదు. ఖతార్ లేదు, కువైట్ కూడా లేదు. ఒమన్ 2012లో, బహ్రెయిన్ 2013 చివర్లో, సౌదీ 2022 డిసెంబరులో వచ్చి చేరాయి. మీ మొదటి ఏజెంటు పొరపాటు ఇక్కడే ఉందని నా అనుమానం. ఈ మధ్య సౌదీ పోయేవాళ్ళకు అపోస్టిల్ వేయించి ఉంటాడు, గల్ఫ్ అంతా ఒకటే అనుకున్నాడు. ఒప్పందంలో ఉన్న దేశాలన్నీ మన అపోస్టిల్ ఒప్పుకుంటాయనీ లేదు. మనం చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది. ఏ దేశానికి పోతున్నారో చెప్పకముందే 'అపోస్టిల్ చేసేద్దాం' అనేవాళ్ళ దగ్గర ఇంకో మాట మాట్లాడకుండా లేచి వచ్చేయండి.

కాబట్టి మీ కాగితాలు పాత దారిలోనే పోవాలి. ముందు రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, దాని మీద మన విదేశాంగ శాఖ అటెస్టేషన్, దాని మీద ఎమిరేట్స్ ఎంబసీ ముద్ర. చివరిది అక్కడ, ఎమిరేట్స్ విదేశాంగ శాఖ వేసే ముద్ర. మొత్తం నాలుగు. ఇక్కడ అటెస్టేషన్ అనే మాట చాలామందిని తికమక పెడుతుంది. మనం చదువుకునే రోజుల్లో అటెస్టేషన్ అంటే జిరాక్సు మీద గెజిటెడ్ ఆఫీసరు పచ్చ ఇంకుతో పెట్టే సంతకమే. ఇది అది కాదు. నోటరీ దగ్గర ఎర్ర సీలు వేయించుకోవడం కూడా ఇది కాదు. ఒక కాగితం వరుసలో నోటరీ ముందు మెట్టుగా రావచ్చు, దానితోనే పని పూర్తికాదు.

ఈ నాలుగు ముద్రలూ ఎందుకో తెలిస్తే ఏ ఏజెంటూ మిమ్మల్ని మోసం చేయలేడు. మీ మ్యారేజ్ సర్టిఫికెట్ మీద కదిరి సబ్‌రిజిస్ట్రార్ సంతకం ఉంది. దుబాయ్‌లో కౌంటరు దగ్గర కూర్చున్న మనిషికి ఆ సంతకం ఎవరిదో తెలిసే దారి లేదు. ఢిల్లీలోవాళ్ళకూ తెలియదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి తెలుస్తుంది. 'ఇది మా సబ్‌రిజిస్ట్రార్ సంతకమే' అని సచివాలయంలో ఒక అధికారి సంతకం పెడతారు. అలా పెట్టే అధికారుల సంతకాల నమూనాలు విదేశాంగ శాఖ దగ్గర ఉంటాయి. వాళ్ళు పోల్చి చూసి, 'ఇది ఆంధ్రప్రదేశ్ అధికారి సంతకమే' అని ముద్ర వేస్తారు. విదేశాంగ శాఖ సంతకం ఎంబసీకి తెలుసు, ఎంబసీ సంతకం వాళ్ళ సొంత శాఖకు తెలుసు. ఒకరి చేయి ఒకరు పట్టుకుని నిలబడ్డట్టు, సంతకం మీద సంతకం. ఇందులో ఏ ఒక్కరూ మీ పెళ్ళి అయిందా లేదా, పేరు సరిగ్గా రాశారా లేదా అని చూడరు. కింది సంతకం నిజమైనదేనా అని మాత్రమే చూస్తారు. కాగితంలో తప్పుంటే ఆ తప్పు మీదే నాలుగు ముద్రలూ పడతాయి. చివరికి దుబాయ్‌లో వీసా కౌంటరు దగ్గర, పాస్‌పోర్టు పక్కన పెట్టి చదివేవాళ్ళ కంట్లో పడుతుంది. అప్పటికి మీ డబ్బూ కాలమూ రెండూ ఖర్చయిపోయి ఉంటాయి.

అందువల్ల రెండు సంగతులు. మొదటిది, ప్రతి కాగితానికీ ఒక పుట్టిల్లు ఉంటుంది, దాని ప్రయాణం అక్కడినుంచే మొదలవ్వాలి. మీరు ఎక్కడ కాపురముంటున్నారన్నది దానికి అనవసరం. పాప బర్త్ సర్టిఫికెట్ బెంగళూరులో పుట్టింది, కాబట్టి దానికి కర్ణాటక ప్రభుత్వ ముద్ర. మ్యారేజ్ సర్టిఫికెట్ కదిరిలో పుట్టింది, మీ బీటెక్ అనంతపురంలో పుట్టింది. వాటి మీద కర్ణాటక అధికారి ఎలా సంతకం పెడతారు? కదిరి సబ్‌రిజిస్ట్రార్ ఎవరో వాళ్ళకేం తెలుసు? పెళ్ళి, పుట్టుక లాంటి సొంత కాగితాలకు రాష్ట్ర హోం శాఖో సాధారణ పరిపాలన శాఖో, చదువు కాగితాలకు రాష్ట్ర విద్యాశాఖ. విదేశాంగ శాఖ పెట్టిన పద్ధతి ఇదే. ఆంధ్రప్రదేశ్ సచివాలయం 2016 నుంచి వెలగపూడిలో ఉంది. మీ ఆంధ్రా కాగితాలను ఏజెంటు ఎక్కడికి పంపుతాడో అడగండి. 'హైదరాబాద్‌లో మావాడున్నాడు, చూసుకుంటాడు' అంటే ఇంకొంచెం గట్టిగా అడగండి. ఇంకో చిన్న సంగతి. మీ సర్టిఫికెట్‌లో కదిరి అనంతపురం జిల్లా అని ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా. మీ ఆధార్‌లోనో పాస్‌పోర్టులోనో కొత్త పేరు ఉంటే కంగారు పడి మార్పించకండి. 2016 కాగితంలో 2016 నాటి జిల్లా ఉండటమే సరైనది.

రెండో సంగతి పేర్లు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా దిగులు కలిగించింది ఇదే, ఏజెంట్లు ఒక్కరూ దీని మాటే ఎత్తనిదీ ఇదే.

మన తెలుగువాళ్ళ పేర్లు పాస్‌పోర్టు ఫారంలో ఇమడవు. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. బడిలో టీచరు ఇంటిపేరును ఒక్క అక్షరం చేసి చుక్క పెడతారు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా పడుతుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఒక గడి, గివెన్ నేమ్ ఒక గడి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారుతుంది, లేదా సగం మారుతుంది. పాప పుట్టినప్పుడు ఆసుపత్రిలో కన్నడ గుమాస్తా తల్లి పేరు అడిగి, తన చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో కొడతాడు. సుజాత అనే పేరు తీసుకోండి. కదిరిలో టీఏ అని రాస్తారు, బెంగళూరులో టీహెచ్ఏ అని రాస్తారు. లక్ష్మిని ఒకచోట కేఎస్‌హెచ్ అని, ఇంకోచోట ఎక్స్ అని. దేవిని ఒకరు అతికిస్తారు, ఒకరు విడదీస్తారు. మనం చదివితే అంతా ఒకటే పేరు. అక్షరం అక్షరం పోల్చి చూసే పరాయి దేశపు మనిషికి ముగ్గురు వేర్వేరు ఆడవాళ్ళు కనిపిస్తారు. పాప సర్టిఫికెట్‌లో ఉన్న తల్లి, పెళ్ళి సర్టిఫికెట్‌లో ఉన్న భార్య, పాస్‌పోర్టులో ఉన్న మీరు.

ఇవాళ రాత్రి పాప పడుకున్నాక ఒక తెల్ల కాగితం తీసుకోండి. మీ పాస్‌పోర్టు, మీ ఆయన పాస్‌పోర్టు ఫోటో, పాప పాస్‌పోర్టు, మ్యారేజ్ సర్టిఫికెట్, బర్త్ సర్టిఫికెట్, డిగ్రీ ముందు పెట్టుకోండి. ముగ్గురి పేర్లూ ఏ కాగితంలో ఎలా ఉన్నాయో ఇంగ్లీషు అక్షరాలతో, చుక్కలూ ఖాళీలూ సహా, ఒకదాని కింద ఒకటి రాయండి. తేడా ఉన్న అక్షరం చుట్టూ సున్న చుట్టండి. పాస్‌పోర్టే మీకు తూకం రాయి. మిగతావి దానికి దగ్గరగా రావాలి.

మ్యారేజ్ సర్టిఫికెట్‌లో మీ పుట్టింటి ఇంటిపేరు ఉండి, పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు ఉంటే దానికి భయపడకండి. పెళ్ళినాటికి మీ పేరు అదే కదా. పెళ్ళి వల్ల పేరు మారిందని ఆ సర్టిఫికెట్టే చెప్తుంది. కానీ పేరు స్పెల్లింగే తప్పుంటే, మీ ఆయన పేరులో అక్షరం తేడా ఉంటే, ఇంటిపేరు బదులు ఉత్త చుక్క అక్షరమే ఉంటే, కదిరి వెళ్ళి అడగండి. రాతలో దొర్లిన పొరపాటని పదో తరగతి మెమో, పాస్‌పోర్టు చూపించి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. మెజెస్టిక్‌లో పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి కదిరిలో ఉంటారు, పుట్టింట్లో ఒక పూట అన్నం తిని కూడా రావచ్చు. ఏజెంట్లు దీనికి బదులు స్టాంపు పేపరు మీద 'ఈ ఇద్దరూ ఒక్కరే' అని అఫిడవిట్ రాయించుకోమంటారు. అది ఇక్కడ బ్యాంకులో పనికొస్తుంది. దుబాయ్ కౌంటరులో ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. నా మాటగా చెప్తున్నాను, మొదట్లోనే పదిహేను రోజులు పోయినా అసలు కాగితమే సరిచేయించుకోండి.

పాప బర్త్ సర్టిఫికెట్‌లో మీ పేరు తప్పుంటే అది ఇంకా ముఖ్యం, పాపకు మీరే తల్లి అని చెప్పే అసలు కాగితం అదే. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. అందులో 15వ సెక్షన్ ఇలాంటి తప్పుల కోసమే ఉంది. రిజిస్ట్రారు పాత నమోదును కొట్టేయకుండా, మార్జిన్‌లో సరైనది రాసి సంతకం, తేదీ పెడతారు. పాప పుట్టుక ఎక్కడ నమోదైందో ఆ రిజిస్ట్రారు దగ్గరికే వెళ్ళాలి, మీరు ఇప్పుడు ఉంటున్న ఏరియా ఆఫీసుకు కాదు. సరిచేశాక కొత్త ప్రింటు తీసుకోండి. ఇప్పటివి కర్ణాటక జనన మరణాల నమోదు వెబ్‌సైట్ ఈ-జన్మ నుంచి డిజిటల్ సంతకంతో, క్యూఆర్ కోడుతో వస్తాయి. ఐదేళ్ళనాటి మడతలుపడ్డ కాపీ కన్నా అదే మేలు.

పాప పాస్‌పోర్టులో ఇంకొకటి చూడండి. మనలో చాలామంది పిల్లలకు ఇంటిపేరు రాయకుండా ఒక్క పేరుతోనే పాస్‌పోర్టు తీసేస్తారు, సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. 2022 నవంబరు 21 నుంచి ఎమిరేట్స్ అలా ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టులకు విజిట్ వీసాల మీద రానివ్వడం ఆపేసింది. ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళి వెనక్కి వచ్చినవాళ్ళున్నారు. మీది రెసిడెన్సు వీసానే అయినా, ఖాళీ ఉంటే పాస్‌పోర్టు రీఇష్యూకి ఇప్పుడే పెట్టండి. బర్త్ సర్టిఫికెట్‌లో పాప పేరు ఎలా ఉండాలో కూడా దానితో పాటే తేల్చుకోండి. ముద్రలన్నీ పడ్డాక పాస్‌పోర్టులో పేరు మారితే మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక లామినేషన్. మీరు చేసింది ప్రేమతోనే, మన ఇళ్ళల్లో ముఖ్యమైన కాగితం అంటే ప్లాస్టిక్ తొడగాల్సిందే. కానీ ముద్ర వేసేది కాగితం వెనకవైపు. ప్లాస్టిక్ మీద సీలు పడదు, స్టిక్కరు నిలవదు, తీసుకోరు. మా ఆడబిడ్డకు ఇదే జరిగింది. ఆమె ఖతార్ పోవాల్సి ఉంది, మ్యారేజ్ సర్టిఫికెట్ మీ దానిలాగే గట్టి లామినేషన్. నేనే దగ్గరుండి ఒక జిరాక్సు షాపుకు తీసుకెళ్ళాను. కుర్రాడు హెయిర్ డ్రయ్యరుతో అంచు వేడి చేసి, బ్లేడుతో ఒక మూల లేపాడు. పై పొర మెల్లగా ఊడి వచ్చింది, మేమిద్దరం ఊపిరి బిగపట్టి చూస్తున్నాం. సంతకం దగ్గరికి వచ్చేసరికి ప్లాస్టిక్‌తో పాటు ఊదారంగు సీలు కూడా లేచి వచ్చేసింది. సంతకం సగం కాగితం మీద, సగం ప్లాస్టిక్ మీద. ఆమె ఆ షాపు మెట్ల మీదే కూర్చుండిపోయింది. తొందరపడి తీసుకెళ్ళింది నేనే కాబట్టి ఈ రోజుకీ నాకు మనసులో బాధే. మీరు ఆ పని చేయకండి. లామినేషన్ చేసినదాన్ని ఇంట్లో భద్రంగా ఉంచండి. కదిరి వెళ్ళినప్పుడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. పేరు సరిచేయించేదీ అక్కడే కాబట్టి రెండు పనులూ ఒకే ప్రయాణంలో అవుతాయి. తీసుకునేటప్పుడే సంతకం కింద అధికారి పేరు, హోదా, తేదీ, గుండ్రటి సీలు స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకోండి. సీలు మసగ్గా పడితే మళ్ళీ వేయమని మర్యాదగా అడగండి. వెలగపూడిలో వాళ్ళు చూసేది ఆ సీలునూ సంతకాన్నే.

డిగ్రీ గురించి తక్కువలోనే చెప్తాను. మీ దగ్గర ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఉందా, పీసీయేనా (ప్రొవిజనల్ సర్టిఫికెట్)? మన జేఎన్టీయూ పిల్లల్లో సగం మంది పీసీ, సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో) పెట్టుకునే ఉద్యోగాల్లో చేరిపోయి, ఒరిజినల్ డిగ్రీకి అప్లై చేయడమే మర్చిపోతారు. పీసీ తాత్కాలిక కాగితం, దుబాయ్‌కి ఓడీ కావాలి. లేకపోతే ముందు యూనివర్సిటీకి అప్లై చేయండి. అది వచ్చేదాకా మిగతా రెండు కాగితాలను ఆపొద్దు. మీ వీసాకు డిగ్రీతో పని లేదు, అది మీ ఉద్యోగానికి. ఏజెంట్లు డిగ్రీకి ఎస్డీఎం (సబ్‌డివిజనల్ మేజిస్ట్రేట్) దారి అని ఒకటి, హెచ్ఆర్డీ దారి అని ఒకటి చెప్పి, మొదటిది చౌక, తొందరగా అవుతుందంటారు. హెచ్ఆర్డీ అంటే రాష్ట్ర విద్యాశాఖ. చదువు కాగితానికి అదే చేయించండి. చౌక దారిలో వెళ్ళి, తర్వాత ఉద్యోగమిచ్చేవాళ్ళు ఒప్పుకోక మళ్ళీ మొదటినుంచి చేయించుకున్నవాళ్ళ కాగితాలు నా టేబుల్ మీదికే వచ్చాయి.

డబ్బు సంగతి. విదేశాంగ శాఖ మామూలు అటెస్టేషన్‌కు ఫీజే తీసుకోదు. అపోస్టిల్‌కు 50 రూపాయలు. ఆ శాఖ 2012 నుంచి జనం దగ్గర నేరుగా కాగితాలు తీసుకోవడం లేదు. తను నియమించిన ఏజెన్సీల కౌంటర్ల ద్వారానే తీసుకుంటుంది, వాళ్ళకు కొంచెం సర్వీసు చార్జీ ఉంటుంది. 2019 నుంచి ఈ పని ఢిల్లీకే పరిమితం కాలేదు, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ లాంటి చోట్ల కూడా జరుగుతోంది. 'బెంగళూరులోనే అయిపోతుంది' అని మూడో ఆయన అన్నది ఈ మెట్టు గురించి అయితే ఒప్పుకోవచ్చు. కింది మెట్టుకు ఆ మాట వర్తించదు. కాబట్టి వేలల్లో ఖర్చు ఎక్కడ అవుతుందంటే, రాష్ట్ర రాజధానిలో తిరిగే మనిషికి, కొరియరుకు, ఎంబసీ ఫీజుకు, ఏజెంటు లాభానికి. ఎంబసీ ఫీజు పెద్దదే, అది న్యాయమైన ఖర్చు. మిగతావి విడివిడిగా రాసివ్వమని అడగండి. రాసివ్వను, అంతా కలిపి ఇంత అనేవాళ్ళను వదిలేయండి. పెద్ద బోర్డు ఉన్న ఏజెన్సీ అని కూడా ధైర్యపడకండి. విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో తను నియమించిన ఏజెన్సీల పేర్లుంటాయి, వాటితో సరిచూసుకోండి.

ఒరిజినల్స్ ఇవ్వక తప్పదు, ముద్ర పడాల్సింది ఒరిజినల్ వెనకే. కానీ మూడూ ఒకేసారి ఒకే కవరులో ఇవ్వకండి. ఇచ్చే ముందు ముందూ వెనకా రంగుల్లో స్కాన్ చేసి మీ ఆయనకు పంపండి. రసీదులో కాగితం పేరు, దాని మీది నంబరు, ఇచ్చిన తేదీ, తిరిగి ఇచ్చే తేదీ ఉండాలి. 'డాక్యుమెంట్లు 3' అని రాసి ఇచ్చే రసీదు రసీదు కాదు. కాగితం వెనక నడిమధ్యలో పెద్ద ముద్ర వేసేస్తే తర్వాతివాళ్ళకు చోటుండదు, పక్కన వేయించమని ముందే చెప్పండి. ఒక్కో ముద్ర పడ్డాక వెనకవైపు ఫోటో వాట్సాప్‌లో పంపమనండి. పని నిజంగా నడుస్తుంటే పంపడానికి వాళ్ళకేం కష్టం లేదు.

దుబాయ్ చేరాక మిగిలిన పని మీ ఆయనది. అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, తర్వాత అరబిక్ అనువాదం. అనువాదం ఇక్కడ ముందే చేయించి పంపుతామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. అక్కడ లైసెన్సు ఉన్న లీగల్ ట్రాన్స్‌లేటర్లే చేయాలి. అనువాదంలో మీ పేరూ పాప పేరూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించమని, సంతకం పెట్టేముందు వేలు పెట్టి చదివించుకోమని మీ ఆయనకు చెప్పండి.

మీ తమ్ముడి దారి వేరు. కెనడా 2024 జనవరి 11 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది, కాబట్టి వాళ్ళు అడిగిన కాగితానికి అపోస్టిల్ చాలు, ఎంబసీకి పోనక్కర్లేదు. అయితే చదువు కోసమైనా, పీఆర్ (శాశ్వత నివాసం) కోసమైనా వాళ్ళు ఎక్కువగా అడిగేది అపోస్టిల్ కన్నా మార్కుల ట్రాన్స్‌క్రిప్టులు, అవీ యూనివర్సిటీ నుంచి నేరుగా అక్కడి మూల్యాంకన సంస్థకు సీల్ వేసి వెళ్ళేవి. వాడు అప్లై చేసేచోట ఏమడిగారో చదివి అది మాత్రమే చేయించమనండి. ఎవరో చెప్పారని అన్నిటికీ ముందే ముద్రలు కొట్టించి డబ్బు పోగొట్టుకోవద్దనండి.

మీరు మొదలుపెట్టాల్సిన వరుస ఇది. ఈ రాత్రి పేర్ల కాగితం రాయండి. రేపు దాని ఫోటో తీసి మీ ఆయనకు పంపి, వీసాకు కాగితాలు అడిగిన వాళ్ళ కంపెనీ పీఆర్ఓకు చూపించమనండి. 'ఈ తేడాతో ఒప్పుకుంటారా' అని ఒక్కో సున్న మీదా అడగమనండి. రోజూ వీసా కౌంటరుకు పోయే మనిషి ఆయన, ఏది దాటిపోతుందో ఏది ఆగిపోతుందో ఆయనకు తెలుసు. ఆ జవాబు వచ్చాకే కదిరి బస్సెక్కండి. వెళ్ళేటప్పుడు పదో తరగతి మెమో ఒరిజినల్, ఇద్దరి పాస్‌పోర్టుల కాపీలు, మీ ఆయన సంతకం పెట్టి పంపిన అధికార పత్రం సంచిలో ఉండాలి. ఆయన రాకుండా మీరొక్కరే అర్జీ ఇస్తున్నారు కాబట్టి అది అడగొచ్చు. సర్టిఫైడ్ కాపీలు ఒకటి కాదు, రెండు తెచ్చుకోండి.